అద్దె ఇల్లు ఖాళీ చేశాక డిపాజిట్ వెనక్కి రాబట్టుకోవడం ఎలా

అద్దెకు దిగేటప్పుడు ఓనర్ చేతిలో పెట్టిన డిపాజిట్ మీ సొమ్మే. అద్దె బాకీ పడితేనో, ఇంటికి నష్టం జరిగితేనో ఆ మేరకు సర్దుకోవడానికి ఆయన దగ్గర ఉంచిన హామీ అది. ఈ మాట మనసులో గట్టిగా ఉంటే మీరు మాట్లాడే తీరే మారిపోతుంది. "ఎంతో కొంత చూసి ఇవ్వండి" అని బతిమాలడం మానేసి, "ఏ లెక్కన కోశారో చూపించండి" అని అడుగుతారు.

ఈ తగవు పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళినా, కోర్టుకు వెళ్ళినా అక్కడ ముందు అడిగేవి కాగితాలు, ఫొటోలు, తేదీలే. ఫోన్లో ఎన్ని గంటలు వాదించినా అదేదీ అక్కడ నిలబడదు. అందుకే ఇందులో ఎక్కువ భాగం రుజువులు పోగేయడం గురించీ, ఓనర్ పెట్టిన కోతల్ని ఒక్కొక్కటిగా పరీక్షించడం గురించీ ఉంటుంది. ఇప్పటికే ఖాళీ చేసి డబ్బు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు నేరుగా అయిదో అడుగుకు వెళ్ళొచ్చు.

1. మీరున్న చోట చట్టం ఏమంటోందో చూడండి

డిపాజిట్ ఎంత తీసుకోవచ్చు, ఎన్నాళ్ళలో తిరిగివ్వాలి అన్నది దేశాన్ని బట్టి, చాలాచోట్ల రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఖాళీ చేసిన 21 రోజుల్లోపు ఓనర్ డబ్బు పంపాలి, కోత పెడితే దేనికెంతో రాసివ్వాలి. న్యూయార్క్‌లో ఆ గడువు 14 రోజులు, టెక్సస్‌లో 30. టెక్సస్‌లో ఇంకో మెలిక ఉంది. మీ కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఓనర్ ఆ డబ్బు పంపక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 2007 ఏప్రిల్ నుంచి మామూలు ప్రైవేటు అద్దెల్లో డిపాజిట్‌ను ప్రభుత్వ ఆమోదం ఉన్న రక్షణ పథకంలో ఉంచాలి. డబ్బు అందిన 30 రోజుల్లో ఆ పని చేయని ఓనర్, డిపాజిట్‌కు మూడు రెట్ల దాకా అద్దెదారుకు చెల్లించాల్సి రావచ్చు. న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియాలోని చాలా రాష్ట్రాల్లో ఈ సొమ్ము ఓనర్ దగ్గర ఉండదు, ప్రభుత్వ సంస్థలో జమ అవుతుంది. జర్మనీలో మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదు, తీసుకున్నది ఓనర్ తన సొంత డబ్బుతో కలపకూడదు.

భారతదేశంలో కేంద్ర మంత్రివర్గం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహాలకు రెండు నెలల అద్దెను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడే న్యాయమైన కోతలు పోగా మిగిలింది తిరిగివ్వాలని చెప్పింది. అయితే ఇది రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకున్న చోటే వర్తిస్తుంది. మిగతా చోట్ల మీ అగ్రిమెంట్‌లోని షరతులు, ఆ రాష్ట్రపు అద్దె చట్టం, పాత ఆస్తి బదిలీ చట్టం చూసుకోవాలి.

మీకు కావలసినవి నాలుగు సంగతులు: తిరిగివ్వాల్సిన గడువు, కోతకు కారణాలు రాసివ్వాలన్న నియమం ఉందా, వడ్డీ వస్తుందా, ఫిర్యాదు ఎక్కడ చేయాలి. ఇవి ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచో, అద్దెదారుల సహాయ కేంద్రం నుంచో తెలుసుకుని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఉత్తరం రాసేటప్పుడు అక్కరకొస్తాయి.

2. చేరిన రోజే మొదలుపెట్టాల్సిన పని

సామాను లోపలికి రాకముందు, ఖాళీ ఇంటిని ఫోన్లో వీడియో తీయండి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి గదిగదికీ వెళ్తూ గోడలు, నేల, కిటికీలు, కబోర్డుల లోపలి భాగాలు, సింక్ కింద, బాత్రూం మూలలు నిదానంగా చూపించండి. ఉన్న ప్రతి లోపానికీ దగ్గరి నుంచి ఒక ఫొటో, అది ఏ గదిలోదో తెలిసేలా దూరం నుంచి ఇంకొకటి తీయండి. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే ఆ పగులు ఏ గోడదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఆ లోపాల జాబితా రాసి అదే వారంలో ఓనర్‌కు పంపండి. "ఇల్లు బాగుందండీ, ఈ కిందివి మేం రాకముందు నుంచే ఉన్నాయి, మీ దృష్టికి తెస్తున్నాం" అన్నంత మర్యాదగా ఉంటే చాలు. ఆయన "సరే" అని జవాబిచ్చినా అది రుజువే. ఏమీ అనకపోయినా, మీరు చెప్పిన తేదీ మాత్రం నిలిచిపోతుంది.

మధ్యలో ఏదైనా పాడైతే దాచకండి. కొళాయి కారుతోందని, గోడకు చెమ్మ వస్తోందని వెంటనే మెసేజ్ పెట్టండి. చెప్పకుండా వదిలేసిన చిన్న లీకు కబోర్డు మొత్తాన్ని ఉబ్బరించేస్తే, ఆ నష్టంలో మీకూ వాటా ఉందని ఓనర్ అనడం అన్యాయం కాదు. ముందే చెప్పి ఉంటే ఆ బరువు ఆయన మీద ఉంటుంది.

3. నోటీసు సరిగ్గా ఇవ్వండి

డిపాజిట్‌లో కోత పడడానికి ఎంతో తేలికైన కారణం నోటీసు గడువు తప్పడం. అగ్రిమెంట్ నెల ముందు చెప్పమంటే నెల ముందే, రెండు నెలలంటే రెండు నెలల ముందే, రాతపూర్వకంగా చెప్పండి. ఖాళీ చేసే తేదీ, డబ్బు పంపాల్సిన బ్యాంకు ఖాతా, మీ కొత్త చిరునామా అందులోనే రాయండి. "డిపాజిట్ ఎప్పుడు, ఎలా తిరిగిస్తారో తెలియజేయగలరు" అన్న వాక్యం కూడా చేర్చండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

చివరి నెల అద్దె కట్టకుండా "డిపాజిట్‌లో పట్టుకోండి" అనాలని చాలామందికి అనిపిస్తుంది. ఓనర్ మీద నమ్మకం లేనప్పుడు ఆ ఆలోచన రావడం సహజమే. కానీ ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అలా చేయండి. ఒప్పుకోకపోతే మీరు అద్దె బాకీదారు అవుతారు, చాలాచోట్ల అది అగ్రిమెంట్ ఉల్లంఘన. అప్పటిదాకా న్యాయం మీ వైపే ఉన్నా, వాదన ఆయన చేతికి వెళ్ళిపోతుంది.

4. ఖాళీ చేసే వారం, తాళాలు ఇచ్చే రోజు

ఖాళీ చేయడానికి వారం పది రోజుల ముందు ఓనర్‌నో, ఆయన మనిషినో ఇల్లు ఒకసారి చూసుకోమని పిలవండి. కాలిఫోర్నియా లాంటి చోట్ల ఇలా ముందుగా చూడమని అడిగే హక్కు అద్దెదారుకు చట్టంలోనే ఉంది. లేని చోట కూడా అడగొచ్చు. ఆయన ఏవి సరిచేయమంటారో ఆ రోజే తెలిసిపోతుంది. మీకు తెలిసిన పనివాడితో మీరే చేయించుకుంటే అయ్యే ఖర్చు, తర్వాత ఆయన వేసే బిల్లు కంటే సాధారణంగా తక్కువే ఉంటుంది. ఆయన చెప్పినవాటిని అదే రోజు మెసేజ్‌లో పెట్టండి: "ఈ రోజు చూసి ఈ రెండు పనులు చెప్పారు, చేయిస్తున్నాం."

ఇల్లు శుభ్రంగా అప్పగించండి. పొయ్యి గట్టు, ఫ్రిజ్ వెనక భాగం, బాత్రూం టైల్స్, ఫ్యాన్ రెక్కలు, సామాను కింద దాగిన నేల, వీటి మీదే ఓనర్ కన్ను ముందు పడుతుంది. మేకులు పీకిన రంధ్రాలు పూడ్చేయండి. డబ్బిచ్చి శుభ్రం చేయిస్తే రసీదు ఉంచుకోండి.

అంతా అయ్యాక, చేరిన రోజు తీసినట్టే మళ్ళీ వీడియో తీయండి. అవే గదులు, అదే వరస, వీలైతే అవే కోణాలు. రెండూ పక్కపక్కన పెట్టి చూపించగలిగితే సగం వాదన అక్కడే అయిపోతుంది. కరెంటు, నీటి, గ్యాస్ మీటర్ల అంకెలు ఫొటో తీసి, చివరి బిల్లులు కట్టి రసీదులు తీసుకోండి.

తాళాలు అప్పగించడం ఈ మొత్తం వ్యవహారంలో కీలకమైన ఘట్టం. ఆ క్షణం దాకా ఇల్లు మీ స్వాధీనంలో ఉన్నట్టే లెక్క, అద్దె నడుస్తూనే ఉంటుంది. డబ్బు తిరిగివ్వాల్సిన గడువు కూడా సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే ఎన్ని తాళాలు, ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో రాసి సంతకం తీసుకోండి. సంతకం కుదరకపోతే అక్కడే నిలబడి మెసేజ్ పెట్టండి. డిపాజిట్ అదే రోజు తిరిగివ్వాలన్న చట్టమో ఒప్పందమో ఉన్నచోట తాళాలు ఇస్తూనే డబ్బు అడగండి. గడువు తర్వాత ఇవ్వాలన్న చోట మాత్రం డబ్బు వచ్చేదాకా తాళాలు ఇవ్వనని పట్టుబట్టకండి. అదనపు రోజుల అద్దె మీ మీదే పడుతుంది.

5. కోతల జాబితా వచ్చినప్పుడు

"పెయింటింగ్‌కి ఇంత, క్లీనింగ్‌కి ఇంత, రిపేర్లకి ఇంత, పోగా మిగిలింది ఇదీ" అని ఒక మెసేజ్ వస్తుంది. చాలామంది ఇక్కడే రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. కొందరు కోపంతో మొత్తం కోతను కొట్టిపారేస్తారు, ఇంకొందరు టెన్షన్ ఎందుకులే అని ఒప్పేసుకుంటారు. అలా కాకుండా ఒక్కో పద్దునూ విడదీసి మూడు ప్రశ్నలు వేయండి.

మొదటిది, ఇది నిజంగా నష్టమా, లేక రోజువారీ వాడకం వల్ల వచ్చిన అరుగుదలా? మనుషులు ఉన్న ఇల్లు అరుగుతుంది. ఎండకు రంగు వెలుస్తుంది, నడిచిన దారిలో తివాచీ నలుగుతుంది, మంచం కాళ్ళ కింద గుర్తులు పడతాయి, కొళాయి వాషర్ పాతబడుతుంది. దీని ఖర్చు ఓనర్‌దే, ఎందుకంటే మీరు నెలనెలా కట్టిన అద్దె ఆ వాడకానికే. భారతదేశపు 1882 ఆస్తి బదిలీ చట్టం కూడా 108వ సెక్షన్‌లో, అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి గానీ సహజమైన అరుగుదలకు మినహాయింపు ఉందని చెబుతుంది. పగిలిన సింక్, విరిగిన తలుపు, కాలిన నేల, గోడ మీద పిల్లలు గీసిన క్రేయాన్ గీతలు, అనుమతి లేకుండా వేసిన ముదురు రంగు, ఇవి నష్టం కిందికి వస్తాయి. మధ్యలో తేల్చుకోలేనివి కొన్ని ఉంటాయి. గోడకు నాలుగైదు మేకు రంధ్రాలంటే వాడకమే అనొచ్చు, గోడంతా డ్రిల్లు చేసి పెచ్చులు ఊడగొడితే అనలేం. ఇలాంటి చోట ఎన్నేళ్ళు ఉన్నారు, ఎంతమంది ఉన్నారు అన్నది కూడా లెక్కకొస్తుంది. ఒక్క మనిషి ఆర్నెల్లు ఉన్న ఇల్లూ, పిల్లలతో ఒక కుటుంబం అయిదేళ్ళు ఉన్న ఇల్లూ ఒకేలా ఉండాలనడం న్యాయం కాదు.

రెండోది, నష్టం నిజమే అయినా ఆ వస్తువుకు ఇంకెంత ఆయుష్షు మిగిలి ఉంది? నన్నడిగితే డిపాజిట్ తగవుల్లో జనం వాడుకోని గట్టి వాదన ఇదే. పదేళ్ళు మన్నే తివాచీని మీరు పాడుచేశారనుకుందాం. అప్పటికే దానికి ఏడేళ్ళు నిండితే, మీవల్ల ఓనర్ కోల్పోయింది మిగిలిన మూడేళ్ళ వాడకమే. కాబట్టి కొత్త తివాచీ ఖరీదులో మీ వాటా 30 శాతం. మొత్తం ఖరీదు మీ దగ్గర తీసుకుంటే ఆయన పాతదానికి బదులు కొత్తది ఉచితంగా సంపాదించుకున్నట్టే. ఇంగ్లండ్‌లో డిపాజిట్ పథకాల తీర్పరులు ఈ సూత్రాన్నే పాటిస్తారు: తగవు వల్ల ఓనర్ ముందుకంటే మెరుగైన స్థితికి చేరకూడదు. రంగులకూ ఇదే లెక్క. చివరిసారి ఎప్పుడు వేయించారో అడగండి. మీరు చేరకముందే రెండు మూడేళ్ళ క్రితం వేసిన రంగులైతే, మీరింకో మూడేళ్ళు ఉండి వెళ్ళాక మళ్ళీ వేయించడం ఆయన ఎలాగూ చేయాల్సిన పనే.

అయితే అగ్రిమెంట్‌లో "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చు అద్దెదారుదే" అని రాసి ఉంటే సంగతి వేరు. అలాంటి షరతు చెల్లుతుందా అన్నది ఆయా చట్టాన్ని బట్టి ఉంటుంది. చెల్లే చోటే ఉంటే, కనీసం అసలు ఖర్చుకు బిల్లు అడగండి. పెయింటింగే చేయించకుండా ఆ పేరుతో డబ్బు ఉంచుకుంటే ఎందుకని నిలదీయండి. కొత్తగా ఇల్లు వెతుక్కుంటున్నవాళ్ళు ఈ వాక్యం ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి.

మూడోది, రుజువేది? బిల్లు, పనివాడి కొటేషన్, నష్టం ఫొటో, ఇవి అడగడం మీ హక్కు. "రిపేర్లు" అని ఒక్క ముక్కలో పెద్ద మొత్తం రాస్తే, ఏ గదిలో ఏ రిపేరో వివరంగా రాయమనండి. ఓనర్ సొంత మనిషి చేసిన పని అయితే ఎన్ని గంటలు చేశాడో అడగండి. ఒక గోడకు మరక పడితే ఇల్లంతటికీ రంగు లెక్క వేశారా, ఒక టైలు పగిలితే గది మొత్తం టైల్స్ మార్చారా అన్నదీ ఇక్కడే బయటపడుతుంది.

ఇలా విడదీశాక కొన్ని పద్దులు న్యాయమైనవేనని మీకే తోచవచ్చు. వాటిని ఒప్పుకోండి. మీ తప్పు ఉన్నచోట ఒప్పుకున్న మనిషి మాట, మిగతా చోట్ల ఎదుటివాళ్ళు తేలిగ్గా తోసిపుచ్చలేరు.

6. ఉత్తరం రాయండి

ఫోన్లో ఒకసారి మర్యాదగా అడగండి. రేపు మాపు అంటే, రెండోసారి ఫోన్ చేయకుండా ఉత్తరం రాయండి. ఇందులో కోపం, నిష్ఠూరం, పాత గొడవలు ఏవీ ఉండకూడదు. రేపు దీన్ని చదివేది మీ ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషి అనుకుని రాయండి. ఒక నమూనా:

> ఫలానా గారికి,
>
> నమస్కారం. ఫలానా చిరునామాలోని మీ ఇంట్లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అద్దెకున్నాను. చేరేటప్పుడు ఇంత మొత్తం డిపాజిట్‌గా చెల్లించాను. బ్యాంకు రుజువు జతచేశాను. ఫలానా తేదీన ఇల్లు ఖాళీ చేసి తాళాలన్నీ మీకు అప్పగించాను. ఆ నాటికి అద్దె గానీ, కరెంటు, నీటి బిల్లులు గానీ బాకీ లేవు.
>
> పెయింటింగ్ కింద ఇంత, సింక్ కింద ఇంత మినహాయిస్తున్నట్టు తెలిపారు. గోడలకు మావల్ల నష్టం జరగలేదు. చేరిన రోజు, ఖాళీ చేసిన రోజు తీసిన ఫొటోలు జతచేశాను. అది సాధారణ అరుగుదల కాబట్టి ఆ కోతకు నేను ఒప్పుకోవడం లేదు. సింక్ పగిలింది నిజమే. బిల్లు చూపితే, దాని వయసును బట్టి నా వాటా మినహాయించుకోవడానికి అభ్యంతరం లేదు.
>
> మిగిలిన ఇంత మొత్తాన్ని ఫలానా తేదీలోగా కింది ఖాతాకు పంపగలరు. ఆ తేదీలోగా అందకపోతే చట్ట ప్రకారం నాకున్న మార్గాన్ని ఆశ్రయిస్తాను.
>
> ఇట్లు, (సంతకం, చిరునామా, బ్యాంకు ఖాతా వివరాలు)

గడువుగా పది నుంచి పద్నాలుగు రోజులు ఇస్తే సమంజసంగా ఉంటుంది. మీ చట్టంలో తిరిగివ్వాల్సిన గడువు, ఆలస్యానికి జరిమానా ఉంటే ఆ సెక్షన్ నంబరుతో సహా రాయండి. ఉత్తరాన్ని అందినట్టు రుజువు దొరికే పోస్టు పద్ధతిలో పంపి, కాపీని ఈమెయిల్‌లోనూ పెట్టండి. వాట్సాప్ సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఈ రోజే ఆపేయండి.

బెదిరింపులు వద్దు, ఓనర్ పేరు పెట్టి సోషల్ మీడియాలో రాయడమూ వద్దు. అది పరువునష్టం గొడవగా మారితే అసలు విషయం పక్కకు పోతుంది. సగం డబ్బు పంపి "ఇంతటితో లెక్క పూర్తి" అని రాసిన చెక్కు వస్తే, మార్చుకునే ముందు సలహా తీసుకోండి. కొన్నిచోట్ల దాన్ని మార్చుకోవడమే రాజీకి ఒప్పుకున్నట్టు అవుతుంది. ఖాతాలో నేరుగా పడితే, "పాక్షిక చెల్లింపుగా స్వీకరిస్తున్నాను, మిగతాది ఇంకా రావాలి" అని అదే రోజు రాయండి.

7. తరచూ ఎదురయ్యే చిక్కులు

డిపాజిట్ నగదుగా ఇచ్చి రసీదు తీసుకోలేదా? అగ్రిమెంట్‌లో ఆ మొత్తం రాసి ఉంటే చాలావరకు ఇబ్బంది లేదు. లేకపోతే తగవు ముదరకముందే, మామూలు సంభాషణలో మొత్తాన్ని ప్రస్తావించి జవాబు రాబట్టండి: "మేం ఇచ్చిన ఇంత డిపాజిట్ ఈ నెలలో సర్దుతారా అండీ?" ఆయన "వచ్చే నెల చూద్దాం" అన్నా, తీసుకున్నట్టు ఒప్పుకున్నట్టే. ఆ రోజుల్లో మీ ఖాతా నుంచి నగదు తీసిన స్టేట్‌మెంట్ దీనికి తోడు.

నలుగురు కలిసి ఉన్న ఇంట్లో ఒకరు ముందుగా వెళ్ళిపోతే, వాళ్ళ వాటా ఎవరిస్తారో వెళ్ళే ముందే తేల్చుకోవాలి. ఉమ్మడి అగ్రిమెంట్‌లో చివరివాళ్ళు ఖాళీ చేసేదాకా ఓనర్ సాధారణంగా ఏమీ ఇవ్వరు. కొత్తగా వచ్చేవాళ్ళు పాతవాళ్ళకు ఆ వాటా ఇచ్చి, పేరు మార్పును ఓనర్‌తో రాయించుకోవడం అన్నిటికన్నా తేలిక.

మీరుండగానే ఇల్లు అమ్ముడుపోతే, డిపాజిట్ కొత్త ఓనర్‌కు బదిలీ అయిందని ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా తీసుకోండి. అది లేకపోతే ఒకరు ఇంకొకరిని చూపిస్తూ ఉంటారు, మధ్యలో నలిగేది మీరే.

8. అప్పటికీ ఇవ్వకపోతే

ఉత్తరంలో రాసిన తేదీ దాటిన మర్నాడే తర్వాతి అడుగు వేయండి. "ఇంకో వారం చూద్దాం" అనుకుంటూ పోతే మీరిచ్చిన గడువుకు విలువ ఉండదు. రక్షణ పథకాలున్న దేశాల్లో తగవు తీర్చే సేవ ఉంటుంది. ఇంగ్లండ్‌లో అది ఉచితం, అక్కడ కోత న్యాయమని నిరూపించాల్సింది ఓనరే. చాలా దేశాల్లో చిన్న మొత్తాల కోసం లాయరు లేకుండా వెళ్ళగలిగే కోర్టులు, అద్దె ట్రిబ్యునళ్ళు ఉన్నాయి. భారతదేశంలో ముందు లాయరు ద్వారా నోటీసు పంపడం వాడుక. చాలా తగవులు ఆ నోటీసు దగ్గరే తెగిపోతాయి. తెగకపోతే అద్దె అథారిటీ ఉన్న రాష్ట్రంలో అక్కడికి, లేని చోట సివిల్ కోర్టుకు వెళ్ళాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగితే కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించే వీలుంటుంది. లాయరు ఫీజు, మీ సమయం, రావలసిన మొత్తం పక్కపక్కన రాసుకుని నిర్ణయించుకోండి. కొంత వదులుకుని రాజీపడటం కొన్నిసార్లు తెలివైన పనే, కానీ ఆ లెక్క వేసింది మీరై ఉండాలి.

ఫిర్యాదులో ఎదుటి పక్షం పేరు సరిగ్గా రాయండి. అగ్రిమెంట్ మీద సంతకం చేసింది ఎవరో, డబ్బు ఎవరి ఖాతాకు వెళ్ళిందో చూడండి. అద్దె వసూలు చేసే ఏజెంటు మీద కేసు వేసి, అసలు ఓనర్‌ను వదిలేస్తే నెలలు వృథా అవుతాయి. వెళ్ళేటప్పుడు ఒకే పేజీలో తేదీల వారీగా జరిగింది రాసి పైన పెట్టండి. దాని కింద అగ్రిమెంట్, డిపాజిట్ చెల్లింపు రుజువు, రెండు విడతల ఫొటోలు జతలుగా, తాళాల రసీదు, ఉత్తరం, అది అందిన రుజువు వరుసగా ఉండాలి. జడ్జి ముందు మాట్లాడే వ్యవధి కొద్ది నిమిషాలే కావచ్చు. ఆ పై పేజీ చూసి చెప్పగలిగితే సరిపోతుంది.

కేసు వేయడానికి కాలపరిమితి ఉంటుంది. భారతదేశంలో డబ్బు రాబట్టుకునే దావాలకు సాధారణంగా మూడేళ్ళు, ఇంగ్లండ్‌లో ఆరేళ్ళు. తీర్పు మీకు అనుకూలంగా వచ్చినా డబ్బు దానంతటది రాదు. ఓనర్ కట్టకపోతే అమలు కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. అవతలి మనిషి బ్యాంకు ఖాతాను అటాచ్ చేయించే మార్గం చాలాచోట్ల ఉంది. మీరు అద్దె పంపిన ఖాతా వివరాలు అప్పుడు పనికొస్తాయి కాబట్టి, పాత చెల్లింపుల రికార్డు మొత్తం సొమ్ము చేతికి వచ్చేదాకా డిలీట్ చేయకండి.